బండి బాగోగులు: పాత బుల్లెట్‌కు థ్రాటిల్ లాక్ బిగించవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారు 1989లో కొన్న బుల్లెట్ 350ని ఇప్పుడు నేను నడుపుతున్నాను. కుడి కాలి గేరు, ముందు డ్రమ్ బ్రేకు, అన్నీ అప్పటివే. నెలకు రెండుసార్లు విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్ళి వస్తుంటాను. నందిగామ దాటేసరికి కుడి మణికట్టు లాగడం మొదలవుతుంది, చిట్యాల చేరేసరికి బొటనవేలు, చూపుడువేలు మొద్దుబారిపోతాయి. తిప్పిన యాక్సిలరేటర్ గ్రిప్పును అక్కడే పట్టి ఉంచే థ్రాటిల్ లాక్ పెట్టించుకోమని స్నేహితుడు అంటున్నాడు. పాత బండికి అలాంటివి వద్దే వద్దని మెకానిక్ అంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ మెకానిక్ భయం అర్థం లేనిది కాదు, అలాగని మీ స్నేహితుడి సలహా తప్పూ కాదు. పాత బుల్లెట్‌కు థ్రాటిల్ లాక్ బిగించుకోవచ్చు. బిగించడం పావుగంట పని. అయితే ఆ పావుగంటకు ముందు ఒక పూట పని ఉంది. దాన్ని వదిలేసి లాక్ ఒక్కటే తగిలించుకున్నవాళ్ళ బళ్ళు చూసే మీ మెకానిక్ అలా అని ఉంటాడు.

ముందుగా ఒక పరీక్ష చేయండి. బండిని మెయిన్ స్టాండ్ మీద నిలబెట్టి, ఇంజన్ ఆపి ఉండగానే, యాక్సిలరేటర్ గ్రిప్పును పూర్తిగా తిప్పి ఒక్కసారిగా వదిలేయండి. కార్బురేటర్‌లోని స్లైడ్ (గ్రిప్పు తిప్పితే పైకి లేచి ఇంజన్‌కు దారి తెరిచే ముక్క) కిందికి పడి టక్కుమని చప్పుడు కావాలి. హ్యాండిల్‌ను ఎడమవైపు చివరిదాకా తిప్పి ఒకసారి, కుడివైపు చివరిదాకా తిప్పి ఒకసారి ఇలాగే వదిలి చూడండి. మూడుసార్లూ అదే టక్కు వినిపిస్తే మీ బండి లాక్‌కు సిద్ధంగా ఉన్నట్టు. గ్రిప్పు బద్ధకంగా వెనక్కి వచ్చినా, సగంలో ఆగి మీరు నెట్టాల్సివచ్చినా, ఆ బండికి లాక్ బిగించడమంటే ఉన్న రోగం మీద దుప్పటి కప్పడమే.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మీ బండి నిర్మాణంలోనే ఉంది. ఇప్పటి బళ్ళలో చాలావాటికి గ్రిప్పు నుంచి రెండు కేబుళ్ళు వెళ్తాయి. ఒకటి థ్రాటిల్‌ను తెరుస్తుంది, రెండోది మూస్తుంది, కాబట్టి ఎక్కడైనా పట్టేసినా గ్రిప్పును ముందుకు తిప్పి బలవంతంగా మూయవచ్చు. మీ బుల్లెట్‌కు ఉన్నది ఒక్కటే కేబుల్, అది పైకి లాగడానికి మాత్రమే పనికొస్తుంది. స్లైడ్‌ను తిరిగి కిందికి దించేది కార్బురేటర్ మూత కింద ఉన్న స్ప్రింగు ఒక్కటే. స్లైడ్ గనక పైన పట్టేస్తే, మీరు గ్రిప్పును ఎంత ముందుకు తిప్పినా కేబుల్ వదులవుతుందే తప్ప ఇంజన్ మాత్రం అదే రేజింగ్‌లో ఉంటుంది. ముప్పై ఏళ్ళు దాటిన ఆ స్ప్రింగుకు ఎదురుగా మరో ఒరిపిడిని మనమే తెచ్చిపెడుతున్నాం కాబట్టి, మిగిలిన ఒరిపిడి అంతా ముందే తీసేయాలి.

నన్నడిగితే మీ మణికట్టు నొప్పిలో సగం ఆ కేబుల్‌దే. ఎండిపోయిన కేబుల్‌తో పాత బుల్లెట్‌ను గంటల తరబడి తిప్పి పట్టుకోవడం చేతికి పెద్ద శిక్ష. కేబుల్‌ను రెండువైపులా ఊడదీసి, చివరలను వెలుతురులో పెట్టి చూడండి. సీసపు ముడి పక్కన ఒక్క ఉక్కు పోగు తెగి వెంట్రుకలా లేచినా ఆ కేబుల్‌ను పారేసి కొత్తది వేయించండి, ఎందుకంటే ఆ పోగే ఏదో ఒక రోజు పైతొడుగు అంచుకు తగులుకొని గ్రిప్పును సగం తెరిచిన చోటే నిలబెట్టేస్తుంది. కేబుల్ బాగానే ఉంటే గోడ మేకుకు నిలువుగా వేలాడదీసి, పై చివర చుట్టూ గోధుమపిండి ముద్దతో చిన్న దొప్పలా కట్టి, అందులో నాలుగు చుక్కల పల్చటి నూనె పోసి రాత్రంతా వదిలేయండి. తెల్లవారేసరికి కింది చివర నుంచి తుప్పు కలిసిన గోధుమరంగు చుక్కలు నేల మీద కనబడతాయి. పెద్ద మెకానిక్కులందరికీ తెలిసిన పాత పద్ధతే ఇది. లోపల నైలాన్ పొర ఉన్న కొత్తరకం కేబుళ్ళకు మాత్రం నూనె పోయకూడదు.

అదే పూటలో గ్రిప్పును కూడా హ్యాండిల్ నుంచి లాగేసి, లోపలి గొట్టాన్ని, హ్యాండిల్ కడ్డీని కిరోసిన్ గుడ్డతో తుడవండి. ఏనాడో ఎవరో పూసిన గ్రీజు దుమ్ముతో కలిసి నల్లటి ముద్దగా మారి ఉంటుంది. మళ్ళీ గ్రీజు దట్టంగా పూయవద్దు, పల్చటి పూత చాలు. కార్బురేటర్ విప్పినప్పుడు స్లైడ్ మీద లోతైన గీతలు ఉన్నాయేమో చూడండి. గ్రిప్పు తేలికవ్వాలని స్ప్రింగు చుట్టు ఒకటి కత్తిరిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. చివరగా, గ్రిప్పు అంచు దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల వదులు ఉండేలా కేబుల్ సర్దించి, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుండగా హ్యాండిల్‌ను ఇటు చివర నుంచి అటు చివరకు తిప్పండి. ఎక్కడైనా ఇంజన్ రేజింగ్ పెరిగితే ట్యాంకు కింద కేబుల్ దారి తప్పినట్టే. ఇదంతా చేశాక ఒకసారి హైదరాబాద్ వెళ్ళి రండి. లాక్ అవసరమే లేదని మీకే అనిపించవచ్చు.

అప్పటికీ కావాలనిపిస్తే, లాక్ గురించి చెబుతాను. పేరుకు లాక్ అంటారు గానీ మంచిదైతే అది తాళం వేయదు, కాస్త అదిమి పట్టుకుంటుంది. దాని పట్టు స్ప్రింగు బలం కంటే కొంచెం ఎక్కువగా, మీ మణికట్టు బలం కంటే చాలా తక్కువగా ఉండాలి. బటన్ కోసం వెతుక్కోకుండా, మామూలుగా గ్రిప్పును ముందుకు తిప్పితే అది లొంగి మూసుకోవాలి. అలా లొంగని వస్తువును ఎంత ఖరీదైనదైనా బండికి తగిలించవద్దు. కారులో ఉండే క్రూజ్ కంట్రోల్‌తో దీన్ని పోల్చడం కూడా పొరపాటే. అది వేగాన్ని నిలుపుతుంది, ఇది గ్రిప్పు తెరిచిన మేరను మాత్రమే నిలుపుతుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బండి నెమ్మదిస్తుంది, దిగేటప్పుడు మీ ప్రమేయం లేకుండా వేగం పుంజుకుంటుంది.

మీ బుల్లెట్ తరానికి ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో తయారైన ఆనాటి బళ్ళకు వచ్చే అమాల్ కంపెనీ గ్రిప్పులకు ఒక చిన్న స్క్రూ ఉండేది. దాన్ని బిగించిన కొద్దీ గ్రిప్పు బిగుసుకొని, వదిలినా ఉన్నచోటే ఉండేది. మీ బండికి ఆ తరహా గ్రిప్పు ఇంకా మిగిలి ఉంటే కింది వైపు తడిమి చూడండి. స్క్రూ ఉంటే మీరు డబ్బు పెట్టి కొనాల్సింది ఏమీ లేదు. అమెరికాలోనైతే ఒకప్పుడు చాలా బళ్ళకు గ్రిప్పు ఎక్కడ వదిలితే అక్కడే ఆగిపోయేది. చేయి వదిలితే తనంతట తాను మూసుకొని తీరాలని అక్కడి ఫెడరల్ భద్రతా ప్రమాణం 123 చెప్పింది, అది 1974 సెప్టెంబరు 1 నుంచి అమలైంది. చేయి జారితే బండి నెమ్మదించాలనేదే ఆ నిబంధన సారం. మనం లాక్ పెట్టుకునేటప్పుడు ఆ రక్షణనే కొద్దిసేపు పక్కన పెడుతున్నామన్న సంగతి గుర్తుండాలి.

దొరికే రకాల్లో మొదటిది, గ్రిప్పు రబ్బరును చుట్టి పట్టుకొని, దాని కొమ్ము ముందు బ్రేకు లివర్ మీద ఆనుకునే ప్లాస్టిక్ పట్టీ. చవక, అయిదు నిమిషాల్లో తగిలించవచ్చు. కానీ పాత డ్రమ్ బ్రేకు లివర్ల పిన్ను అరిగి అటూ ఇటూ ఊగుతుంటుంది కాబట్టి పట్టు నిలకడగా ఉండదు, పైగా బ్రేకు కోసం చాచిన వేళ్ళకు ఆ కొమ్ము అడ్డం తగులుతుంది. రెండోది, గ్రిప్పు గొట్టపు లోపలి అంచుకు, హౌసింగ్‌కు (కేబుల్ వచ్చి చేరే డబ్బాకు) మధ్య కూర్చునే సన్నటి ఉక్కు పలకల రకం. పనితనం బాగుంటుంది, అయితే ఆ మధ్యలో తగినంత ఖాళీ ఉంటేనే పడుతుంది, కొలవకుండా కొనవద్దు. మూడోది, హ్యాండిల్ చివర బిగించే నట్టు రకం. వేళ్ళతో కొంచెం తిప్పితే దాని వాషరు గ్రిప్పు చివరను నొక్కి పడుతుంది, వెనక్కి తిప్పితే వదిలేస్తుంది. మీ బండికి నేను దీన్నే సూచిస్తాను.

దీన్ని బిగించడంలో రెండు మూడు చోట్ల జాగ్రత్త పడాలి. హ్యాండిల్ కడ్డీ బయటి కొలత 22 మిల్లీమీటర్లే అయినా, లోపలి రంధ్రం కొలత గొట్టం మందాన్ని బట్టి మారుతుంది, ఏనాడో మార్చిన హ్యాండిల్ అయితే మరీను. వెర్నియర్‌తో కొలిచి, దానికి సరిపోయే లోపలి బిరడా ఉన్న లాక్‌నే తీసుకోండి. పాత గ్రిప్పుల చివర మూసి ఉంటుంది, దాన్ని బ్లేడుతో గుండ్రంగా కోయాలి. లాక్ వదులుగా ఉన్నప్పుడు వాషరుకు, గ్రిప్పు చివరకు మధ్య పోస్టుకార్డు దూరేంత సందు కచ్చితంగా ఉండాలి. బండి ఎప్పుడైనా కుడివైపు పడి ఉంటే కడ్డీ చివర నొక్కుకుపోయి ఆ సందు ఒకవైపే ఉంటుంది, అలాంటప్పుడు ముందు హ్యాండిల్ మార్చండి. గ్రిప్పు రబ్బరు గొట్టం మీద జారుతుంటే జిగురుతో అతికించి, ఆరిన తర్వాతే మిగతా పని. అంతా అయ్యాక మళ్ళీ అదే టక్కు పరీక్ష: లాక్ వదిలి మూడుసార్లు, ఆ తర్వాత లాక్ వేసి, రెండు వేళ్ళతో గ్రిప్పు మూసుకుంటుందో లేదో.

ఈ చివరి పరీక్షను మిట్టమధ్యాహ్నం ఎండలో చేయమంటాను. నా అనుభవమే ఇందుకు కారణం. చాలా ఏళ్ళ కిందట నా బుల్లెట్‌కు ఒక ప్లాస్టిక్ పట్టీ లాక్ కొని, సాయంత్రం చల్లగా ఉన్నప్పుడు జారిపోతోందని స్క్రూను ఇంకో చుట్టు బిగించాను. మర్నాడు మే నెల ఎండలో సూర్యాపేట దాటాక, ఎదురుగా మేకల మంద రోడ్డెక్కింది. గ్రిప్పును ముందుకు తిప్పితే అది కదలలేదు. ఎండకు మెత్తబడిన రబ్బరుకు పట్టీ బంకలా అతుక్కుపోయింది. క్లచ్ పట్టేసి, రెండు బ్రేకులూ వేసి పక్కకు దింపాను గానీ, బరువు తప్పిన ఇంజన్ పెట్టిన ఆ కేక, మేకలు నాలుగు దిక్కులకు చెదిరిపోవడం, కాపరి నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తున్నాయి. తాళం తిప్పి ఇంజన్ ఆపాక కూడా పట్టీ ఊడలేదు, స్క్రూడ్రైవరుతో పెరికి తీయాల్సివచ్చింది. అందుకే, మీ బండికి తాళం ఎక్కడుందో అక్కడికి చూడకుండానే చేయి వెళ్ళేలా ఇంట్లో స్టాండ్ మీద అలవాటు చేసుకోండి. మొదట క్లచ్, ఆ తర్వాత బ్రేకులు, చివరగా తాళం.

ఇంకొక విషయం, దీన్ని చాలామంది ఆలోచించరు. కుడి చేయి గ్రిప్పు మీద నుంచి తీశామంటే యాక్సిలరేటర్‌నే కాదు, ముందు బ్రేకును కూడా వదిలేశామన్నమాట. బండిని ఆపడంలో పెద్ద వాటా ముందు బ్రేకుదే. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు వెళ్తుంది. విదిలించుకుంటున్న చేయి మళ్ళీ లివర్‌ను అందుకోవడానికి రెండు సెకన్లు పడితే, ఆర్టీసీ బస్సులు మూడింటిని వరసగా నిలబెట్టినంత దూరం ముందు బ్రేకు లేకుండా వెళ్ళిపోయినట్టే. అందుకని లాక్ వేసినా చేయి పూర్తిగా తీయవద్దు. వేళ్ళు సడలించి, అరచేతిని గ్రిప్పు మీద ఆనించి, రెండు వేళ్ళు బ్రేకు లివర్ మీద ఉంచితే మొద్దుబారడం తగ్గడానికి అది చాలు. ఊళ్ళలో, కూడళ్ళలో, వానలో, రాత్రిపూట, ధాన్యం ఆరబోసిన రోడ్ల మీద లాక్ జోలికే వెళ్ళవద్దు. బండి దిగిన తర్వాత కూడా, రాత్రి నిద్రలో వేళ్ళు తిమ్మిరెక్కుతుంటే అది బండితో తేలే సమస్య కాదు, డాక్టరుకు చూపించుకోండి.

ప్రశ్న: నా దగ్గర యమహా ఆర్‌ఎక్స్ 100, మా అన్నయ్య దగ్గర యెజ్దీ ఉన్నాయి. వీటికి కూడా ఇదే పద్ధతి వర్తిస్తుందా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: బిగించే పద్ధతి అదే, కానీ టూ స్ట్రోక్ బళ్ళకు లాక్ వాడమని నేను చెప్పను. ఆర్‌ఎక్స్ 100లో గ్రిప్పు నుంచి వచ్చే కేబుల్ దారిలో రెండుగా చీలి, ఒక పాయ కార్బురేటర్‌కు, మరొకటి ఆయిల్ పంపుకు వెళ్తుంది. ఒరిపిడి పుట్టే చోట్లు అక్కడ మరింత ఎక్కువ. కేబుల్ సర్దుబాటు తప్పితే పంపు ఇచ్చే ఆయిల్ కూడా తప్పుతుంది. మీ అన్నయ్యగారి యెజ్దీలో ఆయిల్ పెట్రోలుతోనే కలిసి ఉంటుంది కాబట్టి ఇంజన్‌కు అందే ఆయిల్ మొత్తం గ్రిప్పు తెరిచిన మేరను బట్టే ఉంటుంది.

అంతకంటే ముఖ్యమైన సంగతి, గాలితో చల్లబడే ఈ ఇంజన్లను ఒకే థ్రాటిల్ మీద మైళ్ళ తరబడి లాగిస్తే, మిశ్రమంలో పెట్రోలు పాలు కాస్త తక్కువైనా పిస్టన్ వేడెక్కి పట్టేసే ప్రమాదం ఉంది. పాతకాలపు టూ స్ట్రోక్ నడిపేవాళ్ళు మధ్యమధ్య గ్రిప్పును ఆడిస్తూ, ఇంజన్ శబ్దం మారగానే క్లచ్ పట్టేయడానికి ఎడమ చేతి రెండు వేళ్ళను లివర్ మీదే ఉంచేవారు. శబ్దంలో ఆ మార్పు చెవికంటే ముందు కుడి చేతికి తెలుస్తుంది. లాక్ వేసుకున్న చేతికి అది తెలియదు. కర్నూలు నుంచి అనంతపురం దాకా సాఫీగా ఉన్న రోడ్డు మీద చేయి నొప్పి పుడితే, గంటకోసారి ఆగి టీ తాగడం మీ ఇద్దరి బళ్ళకూ మంచిదే.

ప్రశ్న: థ్రాటిల్ లాక్ బిగిస్తే బండిని మార్చినట్టు లెక్కేసి జరిమానా వేస్తారా? మా బండికి పదిహేనేళ్ళు నిండాయి.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు ఆర్‌సీలోని వివరాలు విరుద్ధమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఈ సెక్షన్‌ను గట్టిగా సమర్థించింది. వేళ్ళతో ఊడదీయగలిగే లాక్ వల్ల ఇంజన్ గానీ, చాసిస్ గానీ, ఆర్‌సీలో రాసిన మరే వివరం గానీ మారదు. హ్యాండిల్‌ను కోసి, వెల్డింగ్ చేసి ఏదైనా అతికిస్తే అది వేరే సంగతి. పదిహేనేళ్ళు నిండిన సొంత బండికి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ కోసం తనిఖీకి వెళ్ళే రోజున మాత్రం లాక్ తీసి ఇంట్లో పెట్టి వెళ్ళండి. గ్రిప్పు వదలగానే మూసుకోవాలని చూసే అధికారి ముందు అనవసరమైన వివరణ ఎందుకు? ఇంకొక మాట: లాక్ పెట్టుకున్నాం కదా అని హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాలనుకోవద్దు, దాని మీద ద్విచక్ర వాహనాలకు అనుమతే లేదు.

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్ళు. ఇప్పటికీ బుల్లెట్ మీదే పొలానికి వెళ్తారు. ఈమధ్య గ్రిప్పు చివర సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, యాక్సిలరేటర్ వెనక్కి రాకుండా చేసుకున్నారు. వద్దంటే వినడం లేదు. అరచేయి ఆనించుకునే రెక్కలాంటిది దొరుకుతుందట, అది పెట్టించవచ్చా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, ముందు ఆ ట్యూబు ముక్కను తీయించండి. అదే తరహాలో రబ్బరు ఓ-రింగును గ్రిప్పు చివర దూర్చేవాళ్ళు కూడా ఉన్నారు. ట్యూబు గానీ రింగు గానీ దుమ్ము పట్టాక ఒక రోజు జారుతుంది, మరో రోజు పట్టేస్తుంది, ఏ రోజు ఏం చేస్తుందో చెప్పలేం. పొలం దారిలో ఎదురొచ్చే గేదెలకు, గతుకులకు అసలు లాక్‌తో పనే లేదు.

మీరు చెప్పిన రెక్క లాక్ కాదు. గ్రిప్పును చుట్టి పట్టుకొని, అరచేతి కింద వెడల్పుగా ఉంటుంది, వేళ్ళతో బిగించి పట్టుకోకుండా అరచేతి బరువుతోనే గ్రిప్పును తిప్పి ఉంచవచ్చు. చేయి తీయగానే స్ప్రింగు తన పని తాను చేస్తుంది, అందుకే నాన్నగారి వయసుకు లాక్ కంటే ఇదే నయం. దీనికీ ఒక చిక్కుంది: ఇరుకు సందులో బండి తిప్పేటప్పుడు, లేదా ఆగి ఉన్న బండిని చేత్తో జరిపేటప్పుడు, అరచేయి తెలియకుండా రెక్క మీద పడితే బండి ఒక్కసారిగా దూకుతుంది.  బిగించిన మొదటి రోజు నాన్నగారిని రోడ్డెక్కనివ్వకుండా ఇంటి ముందే నాలుగు చుట్లు తిప్పమనండి.

ట్యూబు తీసిన చోట గొట్టానికి అంటుకున్న నల్లటి రబ్బరు పొడిని కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఆరాక గ్రిప్పును తిప్పి వదిలి చూడమనండి. పైన విజయవాడ పాఠకుడికి చెప్పిన ఆ టక్కు మీ పెరట్లోనూ వినిపించాలి. వినిపించకపోతే రెక్క సంగతి తర్వాత, ముందు కేబుల్‌ను మేకుకు తగిలించండి.